లేక్ ట్రౌట్: ఇక్కడ పెంచుతారు, అక్కడ చంపుతారు. ఎందుకిలా?

గాలం_బాబాయ్
ఈ వేసవిలో పిల్లల్ని తీసుకుని ఎల్లోస్టోన్ వెళ్లాం. అక్కడి సరస్సులో గాలం వేద్దామని పర్మిట్ తీసుకుంటే రూల్స్‌లో ఒక మాట చూసి ఆగిపోయాను. ఎల్లోస్టోన్ లేక్‌లో లేక్ ట్రౌట్ పడితే తిరిగి వదలకూడదట, చంపాల్సిందేనట. పార్కు వాళ్లు కూడా వలలు వేసి లక్షల్లో తీసేస్తున్నారట. మేముండేది మిషిగన్‌లో. ఇక్కడ ఇదే చేపని హేచరీల్లో పెంచి, సర్కారు డబ్బుతో సరస్సుల్లో వదులుతారు. రోజుకి ఇన్నే పట్టాలని లిమిట్ పెడతారు. ఒకే చేపని పెంచడానికి ఒక చోట ఖర్చు, చంపడానికి ఇంకో చోట ఖర్చు! ఏటా లైసెన్సు డబ్బులు కట్టే నాకు ఇది మింగుడు పడటం లేదు. పైగా వలల్లో పడ్డవాటిని చంపి మళ్లీ ఆ సరస్సులోనే పడేస్తారని విన్నాను. అంత చేప ఎవరి నోటికీ అందకుండా పోవాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పడవ_పిచ్చి
నాకూ ఇదే డౌట్. ఫాలో అవుతున్నా.

బయాలజీ_అక్క
బాబాయ్ గారూ, నేను చేపల శాఖలోనే పని చేస్తాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

చేప ఒకటే గానీ సరస్సులు వేరు. మిషిగన్ చుట్టూ ఉన్న గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సులు దీని సొంతిల్లు, వేల ఏళ్లుగా అక్కడ ఉంది. ఎల్లోస్టోన్ లేక్‌లో ఇది ఎన్నడూ లేదు. 1994లో మొదటిసారి బయటపడింది. ఎవరో దొంగచాటుగా తెచ్చి వదిలారు. అప్పటిదాకా ఆ సరస్సు అక్కడి సొంత చేప అయిన కట్‌త్రోట్ ట్రౌట్‌ది.

కట్‌త్రోట్ గుడ్లు పెట్టడానికి వేసవి మొదట్లో వాగుల్లోకి ఎక్కుతుంది. మోకాలి లోతు నీళ్లలో గుంపులుగా వస్తుంటే ఎలుగుబంట్లు, గద్దలు, ఆస్ప్రే పక్షులు, నీటికుక్కలు దాని మీదే బతికేవి. లేక్ ట్రౌట్ వాగు ఎక్కదు. చల్లటి లోతు నీళ్లలో ఉంటుంది, గుడ్లు కూడా సరస్సులోనే రాళ్ల మీద పెడుతుంది. అంటే ఎలుగుకీ గద్దకీ అందదు, కట్‌త్రోట్‌ని మాత్రం తినేస్తుంది. క్లియర్ క్రీక్ అనే ఒక్క వాగులోకే 1978లో 70 వేలకు పైగా కట్‌త్రోట్‌లు ఎక్కాయి. 2007లో లెక్కేస్తే 500 చిల్లర. కరువు, వర్లింగ్ డిసీజ్ అనే చేపల జబ్బు కూడా తోడయ్యాయి గానీ పెద్ద దెబ్బ లేక్ ట్రౌట్‌దే. చేపలు దొరక్క అక్కడి గ్రిజ్లీ ఎలుగులు ఎల్క్ అనే పెద్ద జింక దూడల మీద పడ్డాయని పరిశోధకులు రాశారు. ఒక చేపని తెచ్చి వేస్తే అడవిలో జింక దూడ దాకా వెళ్లింది వ్యవహారం.

ఇక చంపి సరస్సులోనే ఎందుకు వేస్తారంటే, ఆ చేపల ఒంట్లో ఉన్న పోషకాలన్నీ ఆ సరస్సు నుంచి తీసుకున్నవే. బయటికి తరలిస్తే సరస్సుకి ఆ మేరకు లోటు. అందుకని లోతు నీళ్లలో ముంచేస్తారు. మీరు గాలంతో పట్టినదాన్ని మాత్రం చంపి శుభ్రంగా వండుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

గాలం_బాబాయ్
ఎలుగుబంటి కోణం నేను ఊహించలేదమ్మా. అయితే ఇన్నేళ్లుగా తీస్తున్నా ఇంకా ఉన్నాయంటే ఆ వలల వల్ల లాభం ఉన్నట్టా లేనట్టా?

బయాలజీ_అక్క
ఉంది. ఇప్పటికి 40 లక్షలకు పైగా తీశారు. కట్‌త్రోట్ మళ్లీ కోలుకుంటోంది, కొన్ని వాగుల్లో కనబడుతోంది. పూర్తిగా నిర్మూలించడం కష్టం, అంత పెద్ద సరస్సు. అందుకని గుడ్ల మీద కూడా పడ్డారు. కొన్ని చేపలకి రేడియో ట్యాగ్ పెట్టి వదిలి, అవి గుడ్లు పెట్టే రాళ్లగుట్టలు ఎక్కడున్నాయో పట్టుకున్నారు. ఆ గుట్టల మీద చచ్చిన చేపల్ని, మొక్కలతో చేసిన గుళికల్ని పోస్తారు. అవి కుళ్లుతుంటే ఆక్సిజన్ తగ్గిపోయి గుడ్లు చస్తాయి.

చినూక్_చిన్నోడు
ఎల్లోస్టోన్ సంగతి అక్క చెప్పింది, ఒప్పుకుంటా. కానీ బాబాయ్ ప్రశ్నలో రెండో సగం అలాగే ఉంది. లేక్ మిషిగన్‌లో దీన్ని 1960ల నుంచి వదులుతూనే ఉన్నారు. ఇన్ని దశాబ్దాలు పోసినా సొంతంగా పిల్లల్ని పెట్టుకోవడం ఈమధ్యే మొదలైంది. ఈలోగా ఇవి తినేది మా చినూక్ సామన్ తినే ఏల్‌వైఫ్ అనే చిన్న చేపనే. ఆగస్టులో చార్టర్ బోటు ఎక్కి చూడండి. సామన్ పడితే బోటంతా కేకలు, రీలు గిర్రున తిరుగుతుంది. లేక్ ట్రౌట్ పడితే తడిసిన గోనెసంచి లాగినట్టు బరువుగా వస్తుంది. జనం డబ్బులిచ్చి వచ్చేది సామన్ కోసం. ఆ డబ్బేదో సామన్ పిల్లల మీద పెట్టొచ్చుగా?

మంచు_గుడిసె
గోనెసంచా! జనవరిలో మంచు మీద తేలిక రాడ్డుతో ఒక్కటి పట్టి అప్పుడు మాట్లాడు తమ్ముడూ. అడుగు దాకా దూసుకెళ్తుంది, పైకి తెస్తే మళ్లీ దూసుకెళ్తుంది. మీరు బోటు మీద ఎరని లోతుకి దించే డౌన్‌రిగ్గర్ బరువులు, లావు తీగలు కట్టి లాగుతుంటే ఏ చేపైనా ఏం పోట్లాడుతుంది?

చినూక్_చిన్నోడు
అన్నా, మంచు మీద కూర్చునే ఓపిక నాకు లేదు 😄 పాయింట్ మాత్రం పాయింటే.

డులూత్_పడవవాడు
చిన్నోడూ, నువ్వు చెప్పిన ఏల్‌వైఫ్ కూడా ఇక్కడి చేప కాదు, సామన్ కూడా కాదు. ఈ కథ వరసగా తెలియకపోతే లేక్ ట్రౌట్ దండగ అనే అనిపిస్తుంది. నేను లేక్ సుపీరియర్ ఒడ్డున చాలాకాలంగా ఉంటున్నాను. ఇక్కడి పెద్దవాళ్లు చెప్పగా విన్నది, చదివింది కలిపి రాస్తున్నా.

ఒకప్పుడు ఎగువన ఉన్న సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్ సరస్సుల్లో అమెరికా, కెనడా కలిసి ఏటా ఒక కోటీ యాభై లక్షల పౌండ్ల లేక్ ట్రౌట్ పట్టేవి. ఆహార గొలుసులో అన్నిటికంటే పైన ఉండి మిగతా చేపల్ని అదుపులో పెట్టేది ఇదే. సీ ల్యాంప్రే అని అట్లాంటిక్ నుంచి వచ్చే జీవి ఉంది. పాములా ఉంటుంది, దవడలు లేవు, నోరంతా గుండ్రంగా పళ్లే. నయాగరా జలపాతం అడ్డుండటం వల్ల అది చాలాకాలం లేక్ ఒంటారియో దాటలేదు. ఆ జలపాతాన్ని తప్పించి ఓడలు వెళ్లేందుకు వెల్లండ్ కాలువ తవ్వారు, తర్వాత 1919లో దాన్ని బాగుచేశారు. ఇంకేముంది, 1921కి ఈరీలో, 1936కి మిషిగన్‌లో, 1937కి హ్యూరాన్‌లో, 1938కి సుపీరియర్‌లో తేలింది. ఒక్కో ల్యాంప్రే తన జీవితంలో 40 పౌండ్ల దాకా చేపని చంపుతుంది. మితిమీరి పట్టడం ఒకపక్క, ఇది ఒకపక్క. 1960ల మొదటికి ఆ పట్టుబడి మూడు లక్షల పౌండ్లకి పడిపోయింది. లేక్ మిషిగన్‌లో అయితే సొంత జాతి పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది.

తినే పెద్ద చేప పోయేసరికి ఏల్‌వైఫ్ విపరీతంగా పెరిగి, చచ్చి, ఒడ్డున గుట్టలుగా పడి కంపు కొట్టేది. దాన్ని తినడానికే 1966లో కోహో అనే సామన్, 1967లో చినూక్ తెచ్చి వదిలారు. అంటే మీ చినూక్ వచ్చింది లేక్ ట్రౌట్ ఖాళీ చేసిన కుర్చీలోకే. ఇప్పుడు ఇంటాయన తిరిగొస్తే తిండి దండగ అంటే ఎట్లా?

పడవ_పిచ్చి
ఇంటాయన 👏

చినూక్_చిన్నోడు
కథ బాగుంది, కాదనను. కానీ ఆ కుర్చీలో కూర్చున్న చినూక్ ఏభై ఏళ్లకు పైగా రేవుల్ని బతికించింది. మోటెళ్లు, బోట్లు, ఎర దుకాణాలు అన్నీ దాని పుణ్యమే. దాన్ని పరాయిదని తోసేస్తే ఆ ఊళ్లు ఏం కావాలి?

డులూత్_పడవవాడు
తోసేయమని నేననలేదు. హ్యూరాన్‌లో ఏమైందో ఒక్కసారి గుర్తుచేసుకో. 2004 ప్రాంతంలో అక్కడ ఏల్‌వైఫ్ కుప్పకూలింది. దాని మీదే ఆధారపడిన చినూక్ కూడా కూలింది, రేవులు వెలవెలబోయాయి. లేక్ ట్రౌట్ మాత్రం గోబీ అనే చిన్న చేప, ఇంకా దొరికిందల్లా తిని నిలబడింది. నిలబడటమే కాదు, సొంతంగా పిల్లల్ని పెట్టడం అప్పుడే ఊపందుకుంది.

బయాలజీ_అక్క
పడవవాడు గారు చెప్పిన ఆఖరి ముక్క వెనక కారణం చాలామందికి తెలియదు. ఏల్‌వైఫ్ ఒంట్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది థయామిన్‌ని, అంటే బి1 విటమిన్‌ని విరిచేస్తుంది. ఏల్‌వైఫ్ ఎక్కువ తిన్న తల్లి చేప గుడ్లలో బి1 చాలదు. పిల్లలు గుడ్లలోంచి బయటికొస్తాయి గానీ కొద్దిరోజులకే గింగిరాలు తిరుగుతూ, తేలిపోతూ చచ్చిపోతాయి. పైగా ఏల్‌వైఫ్ ఆ చిన్న పిల్లల్ని తింటుంది కూడా. చినూక్ చిన్నోడు గారు "ఇన్ని దశాబ్దాలు పోసినా పిల్లల్ని పెట్టలేదు" అన్నారే, అందులో పెద్ద పాత్ర ఈ ఏల్‌వైఫ్‌దే. ల్యాంప్రే దెబ్బ, గుడ్లు పెట్టే రాళ్లగుట్టల ఎంపిక, ఏ సరస్సు జాతి పిల్లల్ని వదిలారన్నది, ఇవి మిగతావి.

ఉత్తరాల_కొండ
ఏ జాతి అంటే? లేక్ ట్రౌట్‌లో కూడా రకాలున్నాయా?

బయాలజీ_అక్క
ఉన్నాయి. సుపీరియర్‌లోనే తీరం దగ్గర తిరిగే సన్నటి "లీన్", లోతుల్లో ఉండే కొవ్వు బాగా పట్టిన "సిస్కోవెట్", ఇంకా "హంపర్", "రెడ్‌ఫిన్" అంటారు. న్యూయార్క్‌లోని సెనెకా లేక్ జాతి ల్యాంప్రే దాడిని మిగతావాటికంటే బాగా తట్టుకుంటుంది. అందుకే హ్యూరాన్, ఒంటారియోల్లో దాన్ని బాగా వాడారు.

ఇప్పుడు బాబాయ్ గారికి నచ్చే సంగతి ఒకటి. 1890లో లేక్ మిషిగన్ నుంచి కొన్ని లేక్ ట్రౌట్‌లని తీసుకెళ్లి ఎల్లోస్టోన్ పార్కులోనే ఉన్న లూయిస్, షోషోనీ సరస్సుల్లో వేశారు. జలపాతాల అడ్డు వల్ల అప్పటికి వాటిలో చేపలే లేవు. ఆ తర్వాత అసలు లేక్ మిషిగన్‌లోనే ఆ చేప అంతరించింది. లూయిస్ లేక్‌లో దాని సంతానం బతికుంది! ఆ గుడ్లు తెచ్చి, హేచరీల్లో పెంచి, మళ్లీ లేక్ మిషిగన్‌లో వదిలారు. ఇక ఎల్లోస్టోన్ లేక్‌లోకి దొంగచాటుగా వచ్చినవి కూడా లూయిస్ లేక్ నుంచే అని చేప చెవిలో ఉండే ఓటోలిత్ అనే చిన్న గట్టి ముక్కలోని రసాయనాలు చూసి తేల్చారు.

గాలం_బాబాయ్
అంటే అక్కడ చంపుతున్నదీ, ఇక్కడ వదులుతున్నదీ ఒకే ఇంటి బిడ్డలా! ఇది విన్నాక ఈ రాత్రి నాకు నిద్ర పట్టదు.

ఉత్తరాల_కొండ
లూయిస్ లేక్‌లో పట్టినవి కూడా చంపాలా అయితే?

మంచు_గుడిసె
చంపాల్సిందే అన్న రూలు ఎల్లోస్టోన్ లేక్‌కి, దానికి సంబంధించిన నీళ్లకి. మిగతా సరస్సులకి విడిగా రూల్స్ ఉన్నాయి, వెళ్లేముందు ఆ ఏడాది బుక్‌లెట్ చూసుకోండి.

టొరంటో_తమ్ముడు
మీరంతా గ్రేట్ లేక్స్ చుట్టూనే తిరుగుతున్నారు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో మాకు చిన్నా పెద్దా కలిపి రెండు వేలకు పైగా లేక్ ట్రౌట్ సరస్సులున్నాయి. మా బాధ ల్యాంప్రే కాదు, కాటేజీలు.

ఈ చేపకి దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ చలి కావాలి. వేసవిలో పైనీళ్లు వేడెక్కగానే అడుగుకి దిగిపోతుంది. శరత్తు దాకా ఆ అడుగు నీటికి పైగాలి తగలదు. వసంతంలో నింపుకున్న ఆక్సిజన్‌తోనే నెలల తరబడి నెట్టుకురావాలి. ఒడ్డున కాటేజీలు కట్టి, సెప్టిక్ నీళ్లూ పచ్చిక ఎరువులూ సరస్సులోకి పోతే నాచు పెరుగుతుంది, చచ్చి అడుగుకి దిగి కుళ్లుతుంది, ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ తాగేస్తుంది. పైన వేడి, కింద ఊపిరాడదు. మధ్యలో చిన్న పొర మిగులుతుంది, చేప అందులో ఇరుక్కుంటుంది. అందుకే ఇక్కడ అడుగు పొరలో సగటున లీటరుకి 7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కొలబద్ద పెట్టారు. అంతకు తగ్గే సరస్సుల్లో కొత్త ప్లాట్లకి అనుమతి దొరకడం కష్టం. మా ఆఫీసులో ఒకాయన ఈ రూలుని రోజూ తిడతాడు, ప్లాటు కొనుక్కుని కూర్చున్నాడు పాపం. నేను మాత్రం ఆ రూలు పక్షం.

పడవ_పిచ్చి
తమ్ముడూ, ఇది వేడి సంగతి. ఆమ్ల వర్షాల వల్ల కూడా ఈ చేప పోయిందని అంటారు కదా?

టొరంటో_తమ్ముడు
ఆ విషయం ప్రపంచానికి తెలిసింది మా దగ్గరి ప్రయోగం వల్లే. వాయవ్య ఒంటారియోలో ఎక్స్‌పెరిమెంటల్ లేక్స్ ఏరియా ఉంది. అక్కడ డేవిడ్ షిండ్లర్ బృందం 1976 నుంచి కొన్నేళ్లపాటు లేక్ 223 అనే సరస్సులో కావాలనే కొద్దికొద్దిగా ఆమ్లం కలిపింది. ఆమ్లం లేక్ ట్రౌట్‌ని నేరుగా చంపకముందే అది తినే మైసిస్ రొయ్యలు, చిన్న చేపలు పోయాయి. పెద్ద చేపలు ఆకలితో ఎండిపోయాయి. తల పెద్దగా, ఒళ్లు సన్నగా పుల్లలా ఉన్న ఆ చేప ఫొటో చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పులుసు_ప్రియ
ఇంతమంది ఇంత రాశారు, తినొచ్చో లేదో ఒక్కరూ చెప్పలేదు! మా వారు నిన్న ఒకటి తెచ్చారు, ఏడెనిమిది పౌండ్లుంటుంది. చిన్న పిల్లలున్నారు ఇంట్లో. మెర్క్యురీ అంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

చినూక్_చిన్నోడు
చర్మం, కొవ్వు తీసేసి వండండి, ఏం కాదు.

బయాలజీ_అక్క
చిన్నోడు గారి మాట సగమే నిజం, పిల్లలున్న ఇల్లు కాబట్టి చెప్పాల్సి వస్తోంది. పీసీబీలు అనే విష రసాయనాలు కొవ్వులో చేరతాయి. చర్మం తీసి, పొట్ట దగ్గరి కొవ్వు, వీపు మీది కొవ్వు, పక్కల నిలువునా ఉండే ముదురు రంగు కండ కోసేసి, కొవ్వు కారిపోయేలా గ్రిల్ మీద కాలిస్తే అవి బాగా తగ్గుతాయి. మెర్క్యురీ అలా కాదు. అది కండలోనే ఉంటుంది, ఎంత కోసినా ఎంత వండినా పోదు. ఈ చేప నెమ్మదిగా పెరుగుతుంది, పాతికేళ్లు బతకడం మామూలే, ఉత్తరాన యాభై దాటినవి కూడా ఉంటాయి. ఎంత పెద్దదైతే అంత కాలం పోగేసుకున్నట్టు. కాబట్టి పిల్లలకి, గర్భిణులకి చిన్న చేపే పెట్టాలి, అదీ అప్పుడప్పుడే. మిషిగన్ ఆరోగ్య శాఖ "ఈట్ సేఫ్ ఫిష్" గైడ్‌లో సరస్సు పేరు, చేప పొడవు చూస్తే నెలకి ఎన్నిసార్లు తినొచ్చో ఉంటుంది. మీ వారు ఏ సరస్సులో పట్టారో అడిగి చూడండి.

పులుసు_ప్రియ
థాంక్స్ అక్కా. కోసి చూస్తే కండ నారింజ రంగులో ఉంది, సామన్ లాగే. పాడైందేమో అనుకున్నా.

బయాలజీ_అక్క
పాడవలేదు. మైసిస్ లాంటి రొయ్యలు తిన్నవాటికి ఆ రంగొస్తుంది. చేపలే తిన్నవాటి కండ తెల్లగా ఉంటుంది.

మంచు_గుడిసె
పులుసుకంటే కాల్చితేనే బాగుంటుంది ఇది. కొవ్వు చేప కదా, పులుసు మీద నూనె తేలుతుంది. సిస్కోవెట్ అయితే పొగబెట్టి తినడమే.

ఉత్తరాల_కొండ
పెద్దవాటిని వదిలేస్తే బతుకుతాయా? వంద అడుగుల లోతు నుంచి తెచ్చినవి కళ్లు ఉబ్బి చస్తాయని భయం.

మంచు_గుడిసె
పెర్చ్, వాలై లాంటివి ఆ లోతు నుంచి తెస్తే తిప్పలు పడతాయి. దీనికి గాలితిత్తి నుంచి గొంతులోకి దారి ఉంటుంది, గాలిని తేన్చేస్తుంది. మంచు రంధ్రంలోంచి చూస్తూ ఉండండి. చేప రాకముందే బుడగలు బుడబుడమని పైకి వస్తాయి, దాని వెనకే బూడిదరంగు ఒళ్లు, దాని మీద తెల్లటి మచ్చలు కనబడతాయి. మరీ గబగబా లాగకండి, తేన్చడానికి టైమివ్వండి. నీళ్లలోనే కొక్కెం తీసి తల కిందకి పెట్టి వదిలితే దిగిపోతుంది. వేసవిలో మాత్రం జాగ్రత్త. పైన నీళ్లు వేడిగా ఉంటే, ఫొటోలంటూ ఆడిస్తే బతకదు.

డులూత్_పడవవాడు
పెద్దది పడితే వదిలేయండి అని నేనూ అంటాను. సుపీరియర్‌లో గుడ్లు పెట్టే వయసు రావడానికే ఆరేడేళ్లు, ఉత్తరాన ఇంకా ఎక్కువ. గ్రేట్ బేర్ లేక్‌లో 1995లో గాలానికి పడ్డది 72 పౌండ్లు. 1961లో అథబాస్కా లేక్‌లో వలకి పడ్డది 102 పౌండ్లు. అంతవి ఎన్నేళ్లకి తయారవుతాయో ఆలోచించండి.

చినూక్_చిన్నోడు
నాకు ఇంకో ప్రశ్న. వదిలినదా, సరస్సులో పుట్టినదా అని ఎలా తెలుస్తుంది? మా రేవులో చేపల శాఖ వాళ్లు నిలబడి పట్టిన చేపల తలలు అడుగుతారు.

బయాలజీ_అక్క
మంచి ప్రశ్న. వీపు మీది పెద్ద రెక్కకీ తోకకీ మధ్య బొటనవేలంత కండ రెక్క ఉంటుంది, ఎడిపోజ్ ఫిన్ అంటాం. ఇప్పుడు లేక్ మిషిగన్, హ్యూరాన్‌లలో వదిలే లేక్ ట్రౌట్ పిల్లలకి దాన్ని కత్తిరించి, ముక్కులో వెంట్రుకంత తీగ ముక్క ఒకటి పెడతారు. దాని మీద నంబరు ఉంటుంది. తల ఇస్తే అది ఏ హేచరీలో పుట్టింది, ఎప్పుడు ఎక్కడ వదిలారు అన్నీ తెలుస్తాయి. రెక్కలన్నీ చెక్కుచెదరకుండా ఉంటే అది చాలావరకు సరస్సులోనే పుట్టిందని అర్థం. దయచేసి తలలు ఇవ్వండి. మీరు అడిగిన "డబ్బు దండగేనా" అన్న ప్రశ్నకి జవాబు ఆ తలల్లోంచే వస్తుంది.

చినూక్_చిన్నోడు
తల ఇస్తానక్కా. ఏల్‌వైఫ్ లెక్క మాత్రం వదలను. మిషిగన్‌లో సొంతంగా పుట్టేవి పెరుగుతుంటే హేచరీ పిల్లలు ఆ మేరకు తగ్గాలి కదా?

బయాలజీ_అక్క
తగ్గాలి, తగ్గిస్తారు కూడా. సుపీరియర్‌లో అలాగే చేశారు. చాలా చోట్ల 1996కల్లా ఫెడరల్ హేచరీ పిల్లల్ని వదలడం ఆపేశారు. 2024 నవంబరులో గ్రేట్ లేక్స్ ఫిషరీ కమిషన్ సుపీరియర్‌లో చాలావరకు లేక్ ట్రౌట్ పూర్తిగా కోలుకుందని ప్రకటించింది.

డులూత్_పడవవాడు
అయితే ల్యాంప్రేని చంపే మందు ఆపితే మాత్రం మళ్లీ మొదటికే. టీఎఫ్ఎమ్ అనే మందుని 1958 నుంచి వాగుల్లో వాడుతున్నారు, బురదలో ఉండే ల్యాంప్రే పిల్లల్ని చంపడానికి. కోవిడ్ వల్ల 2020, 2021లో ఆ పని బాగా తగ్గింది. ఆ తర్వాత పడ్డ చేపల ఒంటి మీద గుండ్రటి గాయాలు నేనే చూశాను. నాణెమంత వెడల్పు, అంచు లేచి, మధ్యలో ఎర్రటి గుంట. ఆ గాయాలతో బతికినవి అదృష్టవంతులు.

గాలం_బాబాయ్
మా రేవులో పట్టినవాళ్లు ఆ గాయాలున్న చేపని పారేస్తున్నారు, జబ్బనుకుని.

బయాలజీ_అక్క
జబ్బు కాదండీ, గాయం చుట్టూ కోసేస్తే మిగతాది తినొచ్చు. పారేసేముందు రేవులో శాఖ వాళ్లుంటే చూపించమనండి. గాయం ఎంత పాతదో, ఎంత లోతో రాసుకుంటారు.